ఉన్న సామానుకు తగిన గోడరంగు: హాలుకు పెయింటు ఎంచుకునే పద్ధతి

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ ప్రాంతాల్లో ఇంటికి రంగులు వేయించే పని సాధారణంగా దసరాకు ముందో, ఇంట్లో పెళ్లి కుదిరినప్పుడో మొదలవుతుంది. అప్పటికే హాలులో సోఫా ఉంటుంది, దివాన్ ఉంటుంది, టీవీ కింద చెక్క బల్లో గోడకు బిగించిన షోకేసో ఉంటుంది, నేల మీద ఇప్పట్లో మార్చే ఉద్దేశం లేని బండలో టైల్సో ఉంటాయి. ఇవన్నీ ఇంట్లోనే వదిలి చాలామంది దుకాణానికి వెళ్లి, షేడ్ కార్డు తిరగేసి, నచ్చిన చిన్న ముక్క మీద వేలు పెట్టి వస్తారు. ఆ ముక్క కార్డులో ఎంత బాగున్నా, ఇంటికి వచ్చాక దాని పక్కన ఉండబోయేది కార్డులోని మరో రంగు కాదు, మన సోఫా చెక్క. దుకాణంలోని యంత్రం వేల షేడ్లను కలిపి ఇవ్వగలదు. హాలులోని సోఫా మాత్రం ఒక్కటే. అందువల్ల వేలల్లో దొరికేది ఒక్కటిగా ఉన్నదానికి లోబడాలి తప్ప, ఒక్కటిగా ఉన్నదాన్ని వేలల్లో ఒకదానికి లోబరచకూడదు. ఈ వ్యాసమంతా ఆ క్రమాన్ని పాటించే పద్ధతి గురించే.

ఏది మారదో ముందుగా తేల్చుకోవాలి

హాలులోని వస్తువులను ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కో దాని పక్కన అది ఇంకా ఎన్నేళ్లు మనతో ఉంటుందో అంచనా వేసుకోవడం మంచి ఆరంభం. నేల అందరికంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. దాని తరువాత దర్వాజలు, కిటికీ చట్రాలు. ఆ తరువాత చెక్క సామాను. ఆ తరువాత సోఫాకు కట్టిన బట్టో రెక్సినో. అన్నిటికంటే చివర కర్టెన్లు, కుషన్ గలీబులు, కింద పరిచే షత్రంజీలు. గోడరంగు ఈ వరుసలో సోఫా బట్టకు కాస్త దిగువన, కర్టెన్లకు ఎగువన నిలుస్తుంది. తనకంటే పైనున్నవాటికి అది తలవంచాలి, తనకంటే కిందివి దానికి తలవంచాలి. పండుగ తగ్గింపులో కొన్న కర్టెన్‌కు సరిపోయేలా నాలుగు గోడలకూ రంగు వేయించడమంటే, రెండు మూడు ఎండాకాలాల్లో వెలిసిపోయే వస్తువును పట్టుకుని అంతకంటే ఎక్కువ కాలం ఉండేదాన్ని నిర్ణయించడమే.

నేల సంగతి మన ప్రాంతంలో ప్రత్యేకంగా గమనించాలి. పాత ఇళ్లలో కనిపించే తాండూరు బండల్లో నీలిబూడిద ఛాయవి, పసుపు ఛాయవి రెండు రకాలూ ఉన్నాయి. నీలి బండ వెచ్చని గోడరంగులను సులువుగా మోస్తుంది, పసుపు బండ మీద గంధం రంగు గోడ నిలబెడితే గది మొత్తం ఒకే ముద్దగా కనిపిస్తుంది. కరీంనగర్ జిల్లా క్వారీల నుండి వచ్చే టాన్ బ్రౌన్ గ్రానైట్‌లో నలుపు మీద ఎర్రగోధుమ మచ్చలు ఉంటాయి. ఇది వెలుతురును మింగే నేల కాబట్టి, దాని మీద నిలిచే గోడ ఆ మేరకు లేతగా ఉండక తప్పదు. ఇప్పటి ఇళ్లలో ఎక్కువగా కనిపించే ఐవరీ టైల్స్ తెల్లగా ఉన్నాయని అనిపించినా, వాటిలో కొన్ని పసుపు వైపు, కొన్ని గులాబీ వైపు మొగ్గి ఉంటాయి.

ఆ మొగ్గు ఎటు ఉందో తెలుసుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఒకటి ఉంది. మామూలు ప్రింటింగ్ కాగితాన్ని తీసుకుని పగటి వెలుతురులో నేల మీద, సోఫా చెయ్యి మీద, దర్వాజ మీద ఒకదాని తరువాత ఒకటిగా పెట్టి చూడాలి. తెల్లదనం పక్కన చేరగానే ఆ వస్తువులో దాగిన ఛాయ, అంటే పసుపో నారింజో ఎరుపో వంకాయ రంగో, బయటపడుతుంది. చూసినదాన్ని అప్పుడే కాగితం మీద రాసుకోవాలి. దుకాణంలో నిలబడి ఇంట్లోని చెక్క ఛాయను గుర్తు చేసుకోబోతే జ్ఞాపకం దాదాపు ఎప్పుడూ అసలుకంటే ఎర్రగానో ముదురుగానో చూపిస్తుంది. వీలైతే టీవీ బల్ల సొరుగు ఒకటి ఊడదీసి, సోఫా కుషన్ ఒకటి సంచిలో వేసుకుని దుకాణానికి వెళ్లడం ఇంకా మేలు. దుకాణదారు నవ్వినా నష్టం లేదు.

టేకుతో వ్యవహారం

ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల అడవులు టేకుకు పేరుపొందినవి. ఉత్తర తెలంగాణలో తాతల నాటి మంచం దగ్గర నుండి నిన్న చేయించిన సోఫా దాకా ఇంట్లో ఏదో ఒకటి టేకుదై ఉంటుంది. కనుక మన హాళ్లకు గోడరంగు ఎంచుకోవడమంటే సగం టేకుకు రంగు ఎంచుకోవడమే. కోసిన కొత్తలో టేకు చెక్కలో లేత, ముదురు చారలు అస్తవ్యస్తంగా ఉంటాయి. గాలికీ వెలుతురుకూ ఉన్న కొద్దీ అవి కలిసిపోయి బంగారు గోధుమ రంగు వస్తుంది. దాని మీద వేసిన పాలిష్ ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కి, మొత్తం మీద నారింజ వైపు జరుగుతుంది. అందువల్ల వడ్రంగి దగ్గర నుండి కొత్తగా వచ్చిన సోఫాను చూసి గోడరంగు ఖాయం చేయడం తొందరపాటు. అదే విధంగా, పాత సామానుకు మళ్లీ పాలిష్ చేయించాలనే ఆలోచన ఉంటే ఆ పని ముందు ముగించి, ఆరిన తరువాతి రంగును చూసి గోడ సంగతి తేల్చాలి. పాలిష్‌కు ముందు గీకేటప్పుడు లేచే పొడి తడి గోడకు అంటుకోకుండా ఉండటానికి కూడా ఈ వరుసే మంచిది.

టేకు ఉన్న ఇళ్లలో ఎక్కువమంది ఎంచుకునేది గంధం, బిస్కట్టు, లేత మామిడిపండు రంగుల్లో ఒకటి. చెక్క కూడా అదే కుటుంబానిది కాబట్టి కలిసిపోతుందన్నది వారి లెక్క. కలిసిపోవడమే ఇక్కడి ఇబ్బంది. గోడ, చెక్క ఒకే ఛాయలో, ఒకే ముదురుతనంలో ఉన్నప్పుడు కంటికి అంచు దొరకదు. వేలు పోసి చేయించిన చెక్కడం గోడలోకి దిగిపోతుంది. గాఢమైన పసుపు, పీచ్ రంగులు మరో విధంగా చెరుపు చేస్తాయి. పక్కనున్న రంగు తనలో ఉన్న ఛాయను ఎదుటిదానిలో తగ్గించి చూపుతుంది కాబట్టి, పసుపు గోడ ముందు టేకులోని బంగారు వన్నె వెనక్కి తగ్గి చెక్క మసకబారినట్లు ఉంటుంది.

పారిస్‌లోని గోబెలిన్ నేత కర్మాగారంలో అద్దకాల విభాగాన్ని చూసిన షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్త 1839లో ప్రచురించిన సూత్రం సరిగ్గా ఇదే. నల్ల నూలుకు నలుపు సరిగా రాలేదన్న ఫిర్యాదును పరీక్షించిన ఆయనకు అద్దకంలో లోపం కనబడలేదు. నలుపు పక్కన నేసిన రంగులే ఆ నలుపును వెలవెలబోయేలా చేస్తున్నాయని తేలింది. షత్రంజీలు నేసే వరంగల్ కొత్తవాడలో మగ్గం మీద కూర్చునేవారికి ఇది ఎవరూ చెప్పనక్కర్లేని విషయమే. ఒక పోగు పక్కన ఏ పోగు వేస్తే ఏది పైకి లేస్తుందో వారు చేతితోనే తేలుస్తారు. పెయింటు ఎంచుకునేవారికి మాత్రం గుర్తు చేయవలసి వస్తుంది.

అయితే టేకుకు ఏది నప్పుతుంది? రంగుల చక్రంలో నారింజకు ఎదురుగా ఉండేది నీలం. ఎదురెదురు రంగులు ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి కాబట్టి స్వచ్ఛమైన నీలం గోడ ముందు టేకు మరీ నారింజగా అరుస్తుంది. కానీ నీలానికి, పసుపుకు మధ్యనుండే ఆకుపచ్చలో బూడిద కలిపి లేతగా చేస్తే, అంటే నలిగిన వేపాకు, ఎండిన పెసర పొట్టు వంటి రంగులైతే, చెక్క వెచ్చగా పైకి వస్తుంది, గోడ నెమ్మదిగా వెనక ఉంటుంది. నా అభిప్రాయంలో మన టేకు హాళ్లకు దీన్ని మించిన వరుస లేదు; ఎండాకాలం బయటి నుండి వచ్చినవారి కంటికి చలువగా కూడా ఉంటుంది. ఆకుపచ్చ వద్దనుకునేవారు పసుపు పాలు చాలా తక్కువగా ఉన్న మీగడ తెలుపును ఎంచుకోవచ్చు. బూడిద రంగు మీద మోజుంటే ఒక జాగ్రత్త అవసరం: షేడ్ కార్డులో ఏ మొగ్గూ లేనట్లు కనిపించే బూడిద, టేకు పక్కన చేరగానే పైన చెప్పిన కారణం వల్లనే నీలంగా, చల్లగా మారిపోతుంది. కాస్త పసుపో ఆకుపచ్చో కలిసిన బూడిదను తీసుకుంటేనే గోడ మీద అది బూడిదగా నిలుస్తుంది.

ముదురు చెక్క, రెక్సిన్, లామినేట్

జిట్రేగి (రోజ్‌వుడ్) చెక్క ఇప్పుడు అరుదు. కానీ దాని రంగు వచ్చేలా రంగు కలిపిన పాలిష్ వేసిన సోఫాలు, దివాన్ సెట్లు పెళ్లి సామానులో విరివిగా వస్తున్నాయి. ఇవి ఎరుపు, వంకాయ రంగుల వైపు మొగ్గి ముదురుగా ఉంటాయి. వీటికి వెనక ఏ రంగు ఉండాలో చూడాలనుకునేవారు పాలంపేట దాకా వెళ్లిరావచ్చు. 1213 నాటి రామప్ప గుడిలో ఆలయం ప్రధానంగా ఎరుపు ఛాయగల ఇసుకరాతితో కట్టినది. చూరు కింద ఏటవాలుగా నిలిపిన మదనికలు నున్నని నల్లరాతివి. వెనకనున్న లేత, వెచ్చని రాయి వల్లనే ఆ నల్లని బొమ్మల నడుము వంపు, నగల అంచు దూరం నుండి కూడా తెలుస్తాయి. ముదురు సోఫాకూ అదే సూత్రం వర్తిస్తుంది: ఉల్లిపొర రంగు, లేత ఇసుక రంగు, మీగడ వంటి లేత వెచ్చని గోడలు దాన్ని నిలబెడతాయి. పూర్తి తెలుపు వేస్తే చెక్కకూ గోడకూ మధ్య తేడా మరీ ఎక్కువై సోఫా నల్లని నీడలా మిగిలి చెక్కడం కనబడదు. ముదురు చెక్కకు ముదురు గోడ పెట్టాలంటే గది పెద్దదై, కనీసం రెండు వైపుల కిటికీలు ఉండాలి. మన పట్టణాల్లోని ఇరుకు ప్లాట్లలో ఆ భాగ్యం కొద్దిమందికే ఉంటుంది.

ఇక్కడ ఒక సాధారణ సూత్రాన్ని చెప్పుకోవచ్చు. ఏ వస్తువును చూపించాలనుకుంటామో దానికీ గోడకూ మధ్య లేత–ముదురు తేడా పెంచాలి. ఏ వస్తువును దాచాలనుకుంటామో దానికి ఆ తేడా తగ్గించాలి. పడకగదిలో చోటు చాలక హాలులో నిలబెట్టిన ఆకుపచ్చ ఇనుప బీరువా ఎన్నో ఇళ్లలో ఉంది. దాని వెనక గోడ అంతే ముదురుతనం గల బూడిద ఆకుపచ్చ అయితే బీరువా సగం మాయమవుతుంది. అదే మీగడ రంగు గోడ అయితే వచ్చిన ప్రతి చుట్టమూ మొదట బీరువానే చూస్తాడు. ఈ తేడాను కొలవడానికి ఫోన్ చాలు: వస్తువు పక్కన రంగు ముక్క పెట్టి ఫొటో తీసి దాన్ని నలుపు–తెలుపులోకి మార్చాలి. రెండూ ఒకే బూడిదగా కనిపిస్తే తేడా లేదన్నమాట. అయితే ఫోన్‌ను ముదురుతనం చూడటానికే నమ్మాలి. రంగు ఛాయను అది తన ఇష్టానికి సవరించుకుంటుంది.

మెరూన్ రెక్సిన్ సోఫా ఉన్నవారు గులాబీ, పీచ్, చిలకపచ్చ గోడలకు దూరంగా ఉండాలి. కాస్త బూడిద కలిసిన ఆఫ్‌వైట్ దానికి చాలు. నల్ల రెక్సిన్‌కు ఏదైనా నప్పుతుంది, దానితో చర్చ లేదు. లామినేట్ సంగతే కొంత చిక్కు. టీవీ యూనిట్‌కు వేసే మెరుపు తెలుపు లామినేట్ చాలావరకు నీలం వైపు మొగ్గిన తెలుపు. దాని పక్కన పసుపు మీగడ గోడ ఉంటే, ఆ గోడ కొత్తదైనా పొగ పట్టినట్లు, కడగాలనిపించేట్లు ఉంటుంది. అటువంటి యూనిట్ ఉన్న గోడకు బూడిద కలిసిన తెలుపో, నీలిబూడిదో, కనీసం పసుపు లేని ఆఫ్‌వైటో వేయాలి.

ఇక వాస్తవంలో ఎక్కువ ఇళ్లలో కనిపించేది కలగాపులగం: టేకు దర్వాజ, పెళ్లినాటి ముదురు దివాన్, ఈఎంఐలో తెచ్చిన బూడిద బట్ట సోఫా, తెల్ల టీవీ యూనిట్. వీటన్నిటికీ సరిపోయే రంగు ఒకటుందని ఎవరైనా చెబితే నమ్మకూడదు. ఇటువంటి హాలులో గోడ ఎవరి పక్షమూ తీసుకోకుండా, నేల మొగ్గును అనుసరించే లేత ఆఫ్‌వైట్‌గా ఉండి, రంగు కావాలన్న కోరికను బట్టలతో తీర్చుకోవడం ఉత్తమం. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ షత్రంజీల్లో ఎరుపు, నీలం, ఆకుపచ్చ చారలు గట్టిగా ఉంటాయి. కింద అటువంటిది ఒకటి పరిచి, దానిలోని ఒక రంగును రెండు కుషన్లలో మళ్లీ చూపిస్తే, ఒకదానితో ఒకటి సంబంధం లేని సామాను కూడా ఒకచోట కూర్చున్నట్లు ఉంటుంది. గోడకు తగిలించేవాటిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఎర్రని నేపథ్యం గల చేర్యాల పటానికి ఆఫ్‌వైట్ గోడ కావాలి, నలుపు మీద బంగారు వన్నెలో వేసిన నిర్మల్ చిత్రానికి కొంచెం రంగున్న గోడైనా పరవాలేదు. పెంబర్తి ఇత్తడి పళ్లెం బూడిద ఆకుపచ్చ మీద వెలిగినట్లుగా గంధం రంగు మీద వెలగదు.

వెలుతురు రంగును మార్చే తీరు

ఒకే డబ్బాలోని పెయింటు తూర్పు వాకిలి హాలులో ఒక విధంగా, పడమటి వాకిలి హాలులో మరో విధంగా కనిపిస్తుంది. తూర్పు హాలుకు పొద్దున వెచ్చని వెలుతురు వచ్చి, మధ్యాహ్నం తరువాత చల్లబడుతుంది. మనం హాలులో ఎక్కువసేపు కూర్చునేది సాయంత్రం కాబట్టి, ఇక్కడ కొంచెం వెచ్చని రంగు అవసరం. పడమటి హాలులో ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నపు ఎండ గోడను కాల్చినట్లు ఉంటుంది, వెచ్చని రంగులన్నీ మరింత రెచ్చిపోతాయి; ఇక్కడ ఆకుపచ్చబూడిద, నీలిబూడిదలు మేలు. ఉత్తరపు కిటికీ ఎప్పుడూ నీలిచల్లదనాన్ని ఇస్తుందని రంగుల పుస్తకాల్లో రాసే మాట చలిదేశాలకు పూర్తిగా సరిపోతుంది. వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. వేసవిలో సూర్యుడు తూర్పుకు ఉత్తరంగా ఉదయించి పడమటికి ఉత్తరంగా అస్తమిస్తాడు, మే మధ్య నుండి జులై చివరి దాకా నడినెత్తిన కూడా కాస్త ఉత్తరంగానే ఉంటాడు. అందువల్ల మన ఉత్తరపు కిటికీలకు ఆ నెలల్లో ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ తగులుతుంది. చల్లని వెలుతురు అన్న భయంతో ఉత్తరపు హాలుకు గాఢమైన పసుపు వేయించవలసిన పని లేదు.

కిటికీ బయట ఏముందో కూడా చూడాలి. ఎదురింటి ప్రహరీకి వేసిన నారింజ రంగు, వాకిట్లోని ఎర్రమట్టి, కిటికీకి ఆనుకున్న జామచెట్టు, ఇవన్నీ తమ రంగును లోపలికి పంపుతాయి. చెట్టు నీడ పడే హాలులో ఆకుపచ్చ గోడ వేస్తే కూర్చున్నవారి ముఖాలు కూడా పాలిపోయినట్లు ఉంటాయి.

రాత్రి దీపాల సంగతి దీనికి తక్కువది కాదు. దీపపు వెలుతురు రంగును కెల్విన్ అనే కొలతలో చెబుతారు; అంకె తగ్గేకొద్దీ వెలుతురు పసుపు వైపు, పెరిగేకొద్దీ నీలం వైపు మొగ్గుతుంది. మన ఇళ్లలో ఎక్కువగా వాడే తెల్ల ఎల్‌ఈడీ ట్యూబు 6500 కెల్విన్ వర్గానిది. దాని కింద మీగడ రంగు కొంత బూడిదగా, టేకు నిర్జీవంగా కనబడతాయి. 3000 కెల్విన్ దీపం చెక్కకు ప్రాణం పోస్తుంది కానీ నీలం గోడను మసకబారుస్తుంది. 4000 కెల్విన్ రెండిటికీ మధ్యస్థం. గోడకు వేలు ఖర్చుపెట్టేముందు వంద రూపాయల్లో వచ్చే బల్బు మార్చి చూడటం తెలివైన పని. కొన్నిసార్లు పాత గోడరంగే బాగుందని అప్పుడు తెలుస్తుంది.

షేడ్ కార్డుల్లో కొన్ని కంపెనీలు ఎల్‌ఆర్‌వీ అనే అంకెను ముద్రిస్తాయి. గోడ మీద పడిన వెలుతురులో ఎంత భాగం తిరిగి గదిలోకి వస్తుందో అది సున్నా నుండి నూరు వరకు ఉన్న కొలతలో చెబుతుంది. ఒక్క కిటికీయే ఉన్న హాలుకు, లేదా ముదురు గ్రానైట్ నేల ఉన్న హాలుకు 65కు తగ్గని రంగు తీసుకోవడం మంచిది; పడమటి ఎండ సూటిగా కొట్టే హాలులో 50 దాకా దిగవచ్చు. ఇవి నేను పాటించే హద్దులే తప్ప శాస్త్ర శాసనం కాదు.

వాస్తు ప్రకారం ఫలానా దిక్కుకు ఫలానా రంగే వేయాలని ఇంట్లో పెద్దలు అంటే వాదన పెట్టుకోనక్కర్లేదు. వారు చెప్పేది రంగు పేరు. అది ఎంత లేతగా, ఎంత బూడిద కలిపి ఉండాలన్నది మన చేతిలోనే ఉంది. పసుపు అన్న మాటను నిలబెడుతూనే దాదాపు తెలుపనిపించే మీగడను ఎంచుకోవచ్చు.

నమూనా లేకుండా డబ్బా కొనవద్దు

పైన చెప్పినదంతా చదివి కూడా కార్డు చూసి నేరుగా డబ్బా తెస్తే శ్రమ వృథా. చిన్న ముక్కలో లేతగా కనిపించిన రంగు నాలుగు గోడల మీదికి వచ్చేసరికి, ఒక గోడ వెలుతురు మరో గోడ మీద పడి, గాఢంగా మారుతుంది. కనుక నచ్చిన రంగుకు ఒక మెట్టు లేతదాన్నీ, ఒక మెట్టు బూడిద ఎక్కువున్నదాన్నీ కూడా కలిపి మూడు నమూనాలు తేవాలి. కొన్ని కంపెనీలు చిన్న నమూనా డబ్బాలు అమ్ముతాయి. లేకుంటే లీటరు డబ్బాయే గతి.

నమూనాను పాత గోడ మీద పూయకూడదు. పాత రంగు చుట్టూ ఉండి కన్నును మోసం చేస్తుంది, పైగా ఆ మచ్చల అంచులు తరువాత కొత్త పూత కింద నుండి ఉబ్బుగా కనిపిస్తాయి. రెండడుగుల ప్లైవుడ్ ముక్కకు తెల్ల ప్రైమర్ కొట్టి, చుట్టూ రెండంగుళాల తెలుపు వదిలి, మధ్యలో రెండు పూతలు వేసి పూర్తిగా ఆరనివ్వాలి; తడి పెయింటు, ఆరిన పెయింటు ఒకే రంగులో ఉండవు. ఆ పలకను సోఫా వెనక నిలబెట్టి, తరువాత దర్వాజ పక్కన, టీవీ యూనిట్ పక్కన, నేలకు ఆనించి చూడాలి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ట్యూబు కింద, ఇలా కనీసం రెండు రోజులు గడిచాక నిర్ణయం తీసుకోవాలి. మూడింట్లో ఏదీ నచ్చకపోతే మళ్లీ తేవడమే. మూడు నమూనాల ఖర్చు హాలుకు మళ్లీ రంగు వేయించే ఖర్చులో చిన్న భాగం.

ఒక గోడకు మాత్రమే ముదురు రంగు వేసే అలవాటు గురించి ఒక మాట. టీవీ వెనక గోడకు ముదురు రంగు వేస్తే తెర చుట్టూ కంటికి హాయి, తీగలు కూడా తక్కువ కనబడతాయి. ఇది పనికొచ్చే ప్రయోగం. సోఫా వెనక గోడకు వేయాలంటే సోఫా లేతదై ఉండాలి. కిటికీ ఉన్న గోడకు మాత్రం వేయకూడదు, బయటి వెలుగు ముందు ముదురు గోడ నల్లబడి చూడటానికి కళ్లు నొప్పి పెడతాయి. హోలీ రంగుల్లాంటి ఊదా, నారింజ గోడలు దుకాణంలోని ఫొటోలకే బాగుంటాయి.

మెరుపు, తయారీ, కొలత

రంగు కుదిరాక దాని మెరుపు తేల్చాలి. మ్యాట్ ఎమల్షన్, అంటే మెరుపు లేని నీటి ఆధారిత పెయింటు, గోడలోని ఎగుడుదిగుడులను దాచి, చెక్క పాలిష్ మెరుపును ముందుకు తెస్తుంది. కానీ మరకను తుడిస్తే ఆ చోటు మెరుస్తుంది. శాటిన్ కడగడానికి అనువు, అయితే లప్పం సరిగా తీయని గోడ మీద పక్క నుండి వెలుతురు పడినప్పుడు ప్రతి గీతనూ బయటపెడుతుంది. మన ఇళ్లలో సోఫాను గోడకు ఆనించి వేస్తాం, నూనె రాసుకున్న తలలు గోడకు ఆనుతాయి. గోదావరిఖని, మందమర్రి వంటి బొగ్గు ఊళ్లలో గాలిలోని నల్లదుమ్ము కూడా చేరుతుంది. ఇటువంటి చోట ఉతికే వీలున్న, తక్కువ మెరుపు గల ఎమల్షన్‌ను ఎంచుకుని, సోఫాను గోడకు మూడు నాలుగు అంగుళాలు ఎడంగా జరపడం మంచిది. డిస్టెంపర్ చవక, కానీ తడిగుడ్డకు ఆగదు.

పాత సున్నపు గోడ మీద నేరుగా ఎమల్షన్ వేస్తే పెచ్చులు లేస్తుంది. వదులుగా ఉన్న సున్నం పొరలను పూర్తిగా గీకించాలి. చెమ్మ ఉన్న గోడకు ఏ రంగూ నిలవదు, కాబట్టి వానాకాలం ముగిసి గోడ ఆరేదాకా ఆగాలి. బతుకమ్మ పండుగ ముందు పెయింటర్లు దొరకరన్న తొందరలో తడి గోడకు లప్పం పెట్టిస్తే, సంక్రాంతికల్లా అది పొంగుతుంది.

కొలత సులువే. పన్నెండు అడుగుల వెడల్పు, పదహారు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉన్న హాలు గోడలు 560 చదరపు అడుగులు. రెండు దర్వాజలు, రెండు కిటికీలు తీసేస్తే సుమారు 485 మిగులుతుంది. నున్నని గోడ మీద లీటరు ఎమల్షన్ రెండు పూతలకు దాదాపు 120 చదరపు అడుగులకు వస్తుందనుకుంటే, నాలుగు లీటర్లు సరిపోతాయి. గరుకు గోడైతే ఐదు. డబ్బాలు ఒకటికంటే ఎక్కువైతే అన్నిటినీ పెద్ద బకెట్‌లో ఒకచోట కలిపించి మొదలుపెట్టించాలి, ఎందుకంటే యంత్రం కలిపినా డబ్బాకూ డబ్బాకూ స్వల్ప తేడా రావచ్చు. పెయింటరుతో చదరపు అడుగు లెక్కన మాట్లాడుకునేటప్పుడు లప్పం ఎన్ని పూతలు, ప్రైమర్ ఉందా, రంగు ఎన్ని పూతలు, సామాను జరిపి కప్పే పని ఎవరిది అన్నవి కాగితం మీద ఉండాలి. కప్పకుండా మొదలుపెట్టిన పనిలో చెక్క చెక్కడాల సందుల్లో పడిన చుక్కలను పాలిష్ చెడకుండా తీయడం దాదాపు అసాధ్యం.

పని ముగిశాక డబ్బా మూత మీదున్న షేడ్ కోడ్, బేస్ (యంత్రం రంగు కలిపిన మూల పెయింటు) పేరు ఫొటో తీసి దాచుకోవాలి. మిగిలిన పెయింటును పెద్ద డబ్బాలోనే వదిలితే లోపలి గాలికి మీగడ కట్టి పాడవుతుంది. చిన్న సీసాలో అంచు దాకా నింపి మూత బిగించి, నీడలో ఉంచాలి. సోఫా వెనక తల ఆనే చోట, స్విచ్ బోర్డుల చుట్టూ ఏడాది తిరిగేలోగా దిద్దుబాటు అవసరం పడుతుంది, అప్పుడు ఆ సీసా చాలు.